హై-ఫ్లో క్యాట్ ఎంచుకోవడం ఎలా: సెల్స్ లెక్క కంటే ముందు కొలవాల్సినవి

షాపులో హై-ఫ్లో క్యాట్ (పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో, గాలి తేలిగ్గా వదిలే రకం) అడిగితే మొదట వినపడే మాట "ఎన్ని సెల్స్ కావాలి?" సెల్స్ అంటే చదరపు అంగుళంలో ఉండే రంధ్రాలు. 200 అంటే మంచిది, 100 అంటే ఇంకా మంచిది అన్నట్టు మాటలు సాగిపోతాయి. ఆ ప్రశ్న మూడోదో నాలుగోదో కావాలి. ముందు తేలాల్సింది లోపలి తేనెపట్టు (పొగ దూరే సన్నటి రంధ్రాల దిమ్మ) వ్యాసం ఎంత, దాని మీద పూత ఎంత, దాన్ని డబ్బాలో దేనితో పట్టి ఉంచారు అన్నవి. 130 మి.మీ. వ్యాసమున్న 300 సెల్స్ మెటల్ క్యాట్, అంతే పొడవున్న 100 మి.మీ. 200 సెల్స్ క్యాట్ కంటే తేలిగ్గా గాలి వదులుతుంది. పైగా ఎక్కువ కాలం పనిచేస్తుంది, చెక్ ఇంజిన్ లైటు వెలిగే అవకాశమూ తక్కువ.

ఇక్కడి కొలతలకు ఒక కారును ఉదాహరణగా పెట్టుకుందాం: 2017లో మన దేశంలో అమ్మకానికొచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. 2.0 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల ఈఏ888 మూడో తరం, కంపెనీ లెక్కన 230 పీఎస్. క్యాట్ టర్బోను ఆనుకుని డౌన్‌పైప్‌లోనే (టర్బో నుంచి కిందికి దిగే ఎగ్జాస్ట్ పైపు) ఉంటుంది. రీమ్యాప్‌తో (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి) 300 హార్స్‌పవర్ దగ్గరికి తీసుకెళ్లాలని యజమాని అనుకుంటున్నాడు. మీది సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ అయినా, మస్టాంగ్ అయినా అంకెలు మారతాయి గానీ పనుల వరస మారదు.

క్యాట్ చేసే పని

తేనెపట్టు గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం కలిసిన పూత ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌నూ, కాలకుండా మిగిలిన పెట్రోల్‌నూ ఆ పూత ఆక్సిజన్‌తో కలిపి కాల్చేస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి ఆక్సిజన్‌ను లాగేస్తుంది. రెండు పనులూ ఒకేసారి జరగాలంటే గాలి-పెట్రోల్ మిశ్రమం లాంబ్డా 1 (పెట్రోల్ పూర్తిగా కాలడానికి సరిగ్గా చాలినంత గాలి) దగ్గర ఊగుతూ ఉండాలి, క్యాట్ 250-300 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండాలి. పూతలో సీరియం ఆక్సైడ్ కూడా కలుపుతారు. అది ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు దాచుకుంటుంది, తక్కువైనప్పుడు బయటికిస్తుంది. క్యాట్ వెనకున్న సెన్సర్ గమనించేది ఈ దాచుకునే శక్తినే. అది తగ్గితే క్యాట్ సరిగా పనిచేయడం లేదనే పి0420 కోడ్ పడుతుంది. చవక క్యాట్ వేసిన కొద్ది వారాలకే లైటు వెలుగుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. గాలి బాగానే పోతోంది, పూత చాలడం లేదు.

మొదటి మెట్టు: మీ కారుకి ఏది వేయడానికి వీలుందో తేల్చుకోండి

డబ్బు పెట్టాక ఇది చూసుకోవడం పొరపాటు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కాలుష్యం, శబ్దం ప్రమాణాలు మీరితే సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండొచ్చు, 3 నెలలు లైసెన్సు పోతుంది. "పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చేస్తుంది కదా" అనే వాదన నిలబడదు. బీఎస్4, ఆ తరవాతి పెట్రోల్ కార్లకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం లోపు ఉండాలన్నది ఆ పరీక్ష. నిలబడిన బండికి చేసే ఆ పరీక్షలో పాసైనంత మాత్రాన మార్పు చట్టబద్ధం కాదు. కాబట్టి రోడ్డు మీద తిరిగే కారుకి కంపెనీ క్యాటో, దానికి సమానంగా ఆమోదం ఉన్నదో వేయండి. మిగతావి మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ లాంటి ట్రాక్‌లకు ట్రక్కు మీద వెళ్లే కార్లకు.

అమెరికాలో ఉన్నవాళ్లకి లెక్క ఇంకా కచ్చితం. క్యాట్ మీద ఫెడరల్ వారంటీ 8 ఏళ్లు లేదా 80,000 మైళ్లు. ఆ గడువులో ఉండి బాగా పనిచేస్తున్న క్యాట్‌ను తీసి బయటిది వేయకూడదు. గడువు దాటాక వేసేది కూడా పాతది ఉన్న చోటే ఉండాలి. కాలిఫోర్నియాలో డబ్బా మీద కార్బ్ (ఆ రాష్ట్ర వాయు నాణ్యత బోర్డు) వారి ఈఓ (ఆమోద ఉత్తర్వు) నంబరు చెక్కి ఉండాలి. ఆ నంబరు మీ కారు మోడల్, సంవత్సరం, ఇంజిన్ కుటుంబానికి వర్తిస్తుందో లేదో కార్బ్ జాబితాలో చూసుకోవాలి. న్యూయార్క్, కొలరాడో, మెయిన్ రాష్ట్రాలూ కార్బ్ క్యాట్‌నే అడుగుతాయి. యూరప్, బ్రిటన్‌లలో ఈసీఈ ఆర్103 (బదులు వేసే క్యాట్‌ల ఆమోదం) గుర్తు చూడండి. ఆ గుర్తుతో వచ్చే 200 సెల్స్ క్యాట్‌లు కొన్ని మోడళ్లకు దొరుకుతాయి, ధర మాత్రం గట్టిగానే ఉంటుంది.

రెండో మెట్టు: పాత క్యాట్ నిజంగా అడ్డమేనా?

దీన్ని చాలామంది దాటేస్తారు. ప్రెషర్ కొలిస్తే అరపూటలో తేలిపోయే విషయం ఇది.

కావాల్సినవి: 0 నుంచి 15 పీఎస్ఐ చూపే గేజి, ఎం18×1.5 మర ఉన్న అడాప్టర్, 40 సెం.మీ. రాగి లేదా స్టీలు గొట్టం, దాని చివర రబ్బరు హోసు. రబ్బరును నేరుగా తగిలిస్తే నిమిషంలో కరిగిపోతుంది. వేడి దిగడానికే ఆ లోహపు గొట్టం. టర్బోకీ క్యాట్‌కీ మధ్య ఒక బంగ్ (సెన్సర్ బిగించే మర ఉన్న రింగు), క్యాట్ వెనక ఇంకొకటి వెల్డు చేయించుకుంటే సెన్సర్ విప్పాల్సిన పని ఉండదు. సెన్సర్ తీసి ఆ రంధ్రంలో గేజి పెడితే ఇంజిన్ కంప్యూటర్‌కి చూపు పోతుంది, ఫుల్ లోడ్‌లో అది ప్రమాదం.

ముందు ఇంజిన్ బాగా వేడెక్కనివ్వండి. ఐడిల్‌లో గేజి 1.5 పీఎస్ఐ లోపు, 2,500 ఆర్‌పీఎం దగ్గర 3 లోపు ఉండాలి. దాటిందంటే క్యాట్ పూడుకుపోయినట్టు. అప్పుడు మీది పవర్ సమస్య కాదు, రిపేరు సమస్య. తరవాత డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీద ఫుల్ థ్రాటిల్‌లో రెడ్‌లైన్ దాకా లాగి రెండు చోట్లా చదవండి. రోడ్డు మీద ఈ పని వద్దు.

రెండు అంకెల తేడా క్యాట్ వాటా. వెనక బంగ్ దగ్గర చూపేది మిగతా పైపు, రెజొనేటర్, సైలెన్సర్ల వాటా. ముందు 5 పీఎస్ఐ, వెనక 4 ఉంటే క్యాట్ మారిస్తే వచ్చేది ఒక్క పీఎస్ఐ, అడ్డం సైలెన్సర్ దగ్గర ఉంది. ముందు 5, వెనక 1.5 ఉంటే మాత్రం క్యాట్ మీద ఖర్చు పెట్టడంలో అర్థం ఉంది. ముందు బంగ్ దగ్గరే 1.5 దాటకపోతే ఆ డబ్బుతో ఇంటర్‌కూలర్ కొనుక్కోండి.

ఇదే రోజు ఇంజిన్ ఆరోగ్యమూ చూడండి. మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ మండకపోవడం) కౌంటర్లు చదవండి, ప్లగ్గులు, కాయిల్స్ చూడండి, 1,000 కి.మీ.కి ఎంత నూనె తాగుతోందో రాసుకోండి. పాత క్యాట్ కరిగిపోవడానికి మిస్‌ఫైర్ కారణమైతే కొత్తదీ అలాగే పోతుంది. ఒక్క సిలిండర్ మండకపోయినా ఆ పెట్రోల్ అంతా క్యాట్‌లో మండుతుంది.

మూడో మెట్టు: వ్యాసం, పొడవు

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం. పెట్రోల్ టర్బో ఇంజిన్‌లో ప్రతి 10 హార్స్‌పవర్‌కీ నిమిషానికి సుమారు ఒక పౌను గాలి కావాలి. 300 హార్స్‌పవర్‌కి 30 పౌన్లు, అంటే 13.6 కిలోలు. పెట్రోల్ కలుపుకుంటే నిమిషానికి దాదాపు 15 కిలోల పొగ బయటికొస్తుంది. 900 డిగ్రీల వేడిలో అది సెకనుకు 700 లీటర్ల దాకా అవుతుంది.

ఇదంతా 100 మి.మీ. వ్యాసమున్న తేనెపట్టు ముఖం మీద పడితే వేగం సెకనుకు 88 మీటర్లు. 130 మి.మీ. ముఖమైతే 52 మీటర్లే. సన్నటి గొట్టాల్లో రాపిడి వల్ల పోయే ప్రెషర్ వేగంతో పాటే తగ్గుతుంది. లోపలికి దూరేటప్పుడు, బయటికొచ్చేటప్పుడు పోయేది వేగం వర్గంతో తగ్గుతుంది, ఇక్కడ మూడో వంతుకు పడిపోతుంది. వ్యాసం 30 శాతం పెంచితే వచ్చిన లాభమిది, అదీ ఒక్క సెల్ తగ్గించకుండా. పైగా 100 మి.మీ. పొడవుకి 100 వ్యాసం తేనెపట్టు ఘనపరిమాణం 0.79 లీటరు, 130 వ్యాసంది 1.33 లీటర్లు. అంటే పూతకి చోటు కూడా పెరిగింది. గాలీ తేలిగ్గా పోయి, పొగా శుభ్రంగా వచ్చే మార్పు ఇదొక్కటే. అందుకే ముందు వ్యాసం.

2.0 లీటర్ల ఇంజిన్‌కి 300 హార్స్‌పవర్ కావాలంటే తేనెపట్టు 125-130 మి.మీ., పొడవు 100 మి.మీ. చూడండి. చోటు లేకపోతే 110 దాకా దిగొచ్చు. 100 కంటే కిందికి మాత్రం వద్దు. షాపువాళ్లు చెప్పే అంకె డబ్బా బయటి కొలతా, తేనెపట్టు కొలతా అని విడిగా అడగండి. మెటల్ క్యాట్‌లో రెండిటికీ తేడా 3-4 మి.మీ., సెరామిక్‌లో చుట్టూ మ్యాట్ (తేనెపట్టును పట్టి ఉంచే పొర) ఉంటుంది గనక 10 మి.మీ. పైనే.

పడుతుందో లేదో కొనకముందే తెలుసుకోవచ్చు. ప్లంబింగ్ షాపులో 110, 140 మి.మీ. పీవీసీ పైపు ముక్కలు అరచేయి పొడవున కోయించుకుని, కారు లిఫ్ట్ మీద ఉండగా, పూర్తిగా చల్లారాక, క్యాట్ రాబోయే చోట పెట్టి చూడండి. ఆక్టేవియా లాంటి అడ్డ ఇంజిన్ కార్లలో ఇబ్బంది ఫైర్‌వాల్ వైపు, డ్రైవ్‌షాఫ్ట్ వైపు వస్తుంది. ముక్క చుట్టూ కనీసం 25 మి.మీ. ఖాళీ ఉండాలి. హీట్‌షీల్డ్ పట్టాలి, ఇంజిన్ మౌంట్ల మీద ఊగేటప్పుడు ఎక్కడా తగలకూడదు.

నాలుగో మెట్టు: ఇప్పుడు సెల్స్

చదరపు అంగుళంలో ఎన్ని రంధ్రాలున్నాయన్నదే సీపీఎస్ఐ. కంపెనీ క్యాట్‌లు ఎక్కువగా 400, 600 సెల్స్. కొన్నిటికి 900 కూడా ఉంటాయి. 400 సెల్స్ సెరామిక్‌లో గోడ మందం సుమారు 0.165 మి.మీ., ముఖంలో 76 శాతమే ఖాళీ. 0.05 మి.మీ. రేకుతో చేసిన 200 సెల్స్ మెటల్‌లో 90 శాతం పైన ఖాళీ, రంధ్రమూ పెద్దది. కొలతలు సమానంగా ఉంటే పూత వేయకముందు రాపిడి దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. బదులుగా పూత పూసే గోడ వైశాల్యం అయిదో వంతు దాకా పోతుంది.

రోడ్డు, ట్రాక్ రెండూ చూసే 300 హార్స్‌పవర్ కారుకి 300 సెల్స్ సరిపోతుంది. 350-400 హార్స్‌పవర్ వైపు వెళ్తుంటే 200. 100 సెల్స్ రేసింగ్ నియమాల్లో క్యాట్ తప్పనిసరి అయిన చోట వేసుకునేది. రోడ్డు కారులో అది వెనక సెన్సర్‌ను తృప్తిపరచడం చాలా కష్టం, వాసన కూడా కారు లోపలికి వస్తుంది.

చెప్పిన సెల్స్ నిజంగా ఉన్నాయో లేదో మీరే లెక్కపెట్టొచ్చు. పాత శుభలేఖ అట్ట తీసుకుని మధ్యలో 25.4 మి.మీ. చదరం బ్లేడుతో కోయండి. తేనెపట్టు ముఖం మీద ఆ కిటికీ ఆనించి, ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసి, పెద్దది చేసుకుని రంధ్రాలు లెక్కపెట్టండి. సెరామిక్‌లో రంధ్రాలు చదరంగా ఉంటాయి గనక ఒక వరస చాలు: 400 సెల్స్‌కి అంగుళానికి 20, 300కి 17, 200కి 14, 100కి 10. మెటల్‌లో రేకు అలల్లా మడతపడి సుడి తిరిగి ఉంటుంది. అక్కడ వరస నమ్మకుండా కిటికీ మొత్తం లెక్కపెట్టాలి. 200 అని అమ్మినదాంట్లో 100 తేలితే వెనక్కిచ్చేయండి.

అయిదో మెట్టు: సెరామికా, మెటలా?

టర్బో పక్కనే పెట్టే క్యాట్‌కి మెటల్ తీసుకోండి. క్రోమియం, అల్యూమినియం కలిసిన ఇనుప రేకును సుడి చుట్టి, బ్రేజింగ్ చేసి తయారు చేస్తారు. త్వరగా వేడెక్కుతుంది, దెబ్బకు పగలదు. దాని బలహీనత ఒకటుంది. బ్రేజింగ్ సరిగా లేకపోతే మధ్య చుట్టలు పొగ తోపుకి టెలిస్కోప్ గొట్టంలా వెనక్కి పొడుచుకొస్తాయి. కాబట్టి వెనక ముఖం చూడండి. అడ్డంగా పిన్నులో, ఒక కడ్డీయో ఉంటే మంచిది. పెన్ను వెనక భాగంతో మధ్యలో మెల్లగా నొక్కండి, కదలకూడదు.

సెరామిక్ చవక, కారు కింద దూరంగా పెట్టేటప్పుడు బాగానే పనిచేస్తుంది. దాని ప్రాణం చుట్టూ ఉన్న మ్యాట్. వేడికి ఉబ్బి తేనెపట్టును బిగించి పట్టుకునే రకం మ్యాట్ ఉండాలి. మ్యాట్ కొట్టుకుపోతే తేనెపట్టు డబ్బాలో గలగలలాడి, చివరికి అడ్డం తిరిగి దారి మూసేస్తుంది.

ఆరో మెట్టు: పూత గురించి అడగాల్సిన ఒక్క అంకె

"లోడింగ్ ఎంత?" అని అడగండి. ఘనపు అడుగుకు ఎన్ని గ్రాముల విలువైన లోహం అన్నది సమాధానం. ఘనపు అడుగంటే 28.3 లీటర్లు. లోడింగ్ 100 గ్రాములైతే మన 1.33 లీటర్ల తేనెపట్టులో 4.7 గ్రాముల లోహం ఉన్నట్టు. 10 గ్రాములైతే అర గ్రాము కూడా లేనట్టు. రోడియం ఔన్సు 2021లో 20,000 డాలర్లు దాటింది. అంత ఖరీదైన లోహాన్ని మరీ చవకగా అమ్మే డబ్బాలో ఎవరూ పోయరు. అంకె చెప్పలేని, చెప్పనని అనే షాపు దగ్గర కొనకండి.

కంటితో కూడా కొంత పట్టుకోవచ్చు. ఎండలోకి తీసుకెళ్లి రంధ్రాల్లోంచి చూడండి. పూత ఉన్న గోడ మట్టి రంగులోనో బూడిద రంగులోనో మసకగా, వేలికి కాస్త గరుకుగా ఉంటుంది. రేకు అద్దంలా మెరుస్తుంటే దాని మీద పూతే లేదు. అలాంటివి క్యాట్ పేరుతో అమ్ముడవుతూనే ఉన్నాయి.

ఏడో మెట్టు: డబ్బా, కోన్లు, పైపు

76 మి.మీ. పైపు నుంచి 130 మి.మీ. ముఖానికి పొగ విచ్చుకోవాలంటే కోన్‌కి పొడవు కావాలి. ముందు కోన్ కనీసం 60-75 మి.మీ. ఉండేలా చూడండి. పొట్టి కోన్ వేస్తే పొగ అంతా మధ్యలోంచే దూసుకుపోతుంది, మీరు డబ్బిచ్చి కొన్న అంచులు ఖాళీగా ఉంటాయి. అలా వాడిన క్యాట్ విప్పితే మధ్యలో తెల్లగా కాలిన గుండ్రటి మచ్చ, చుట్టూ నల్లటి మసి కనిపిస్తాయి. టర్బో దగ్గర చోటు తక్కువైతే క్యాట్‌ను మరో 10-15 సెం.మీ. కిందికి జరిపి కోన్ పొడవు పెంచడం నయం. అంతకంటే దూరం జరిపితే చల్లటి స్టార్ట్‌లో వేడెక్కడం ఆలస్యమవుతుంది.

పైపు వ్యాసం 300 హార్స్‌పవర్‌కి డౌన్‌పైప్‌లో 76 మి.మీ., క్యాట్ వెనక 70 లేదా 76. టర్బో లేని ఇంజిన్‌కి ఇంత లావు వద్దు, కింది ఆర్‌పీఎంలో టార్క్ పోతుంది.

లోహం విషయంలో అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. 304 స్టెయిన్‌లెస్‌కి అది అంటుకోదు, 409కి అంటుకుంటుంది. 409 చెడ్డదేమీ కాదు, వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది, తుప్పు రంగు తేలుతుంది అంతే. 304 అని డబ్బు తీసుకుని 409 ఇస్తే మాత్రం అడగండి. టర్బోకి ఆనుకున్న ముక్కకి 321 దొరికితే తీసుకోండి. అందులోని టైటానియం వల్ల వెల్డు పక్కన పగుళ్లు తగ్గుతాయి. గోడ మందం 1.5 మి.మీ.

ఎనిమిదో మెట్టు: వెల్డింగ్, బిగింపు

304ని 304కి అతికేటప్పుడు 308ఎల్ ఫిల్లర్, 304ని 409కి అతికేటప్పుడు 309ఎల్. పైపు లోపల ఆర్గాన్ నింపి వెల్డు చేయమని చెప్పండి. చేయకపోతే వెల్డు లోపలి వైపు పంచదార పాకం గడ్డకట్టినట్టు నల్లగా పొంగుతుంది. ఆ పొక్కులు తరవాత ఊడి నేరుగా తేనెపట్టు ముఖాన్ని కొడతాయి. కారు మీదే వెల్డు చేయాల్సివస్తే బ్యాటరీ విప్పి, సెన్సర్లు తీసేయాలి.

సెన్సర్ బంగ్ పైపు పైభాగంలో, గడియారంలో 10కీ 2కీ మధ్య రావాలి. పక్కకో కిందికో పెడితే పొద్దున్నే పైపులో చేరిన నీటి చుక్క వేడి సెన్సర్ మీద పడి లోపలి సెరామిక్ చిట్లుతుంది. ముందు సెన్సర్‌ను కంపెనీ పెట్టిన దూరానికి వీలైనంత దగ్గరగా ఉంచండి. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 రకం సెన్సర్‌కి పొగ 930 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉండకూడదు. మరలకు మాత్రమే యాంటీసీజ్ (మర పట్టేయకుండా పూసే గ్రీజు) పూసి 40-50 న్యూటన్ మీటర్లకు బిగించండి. సెన్సర్ మొనకు ఏదీ తగలనివ్వకండి.

టర్బో దగ్గర వి-బ్యాండ్ క్లాంప్, గ్యాస్కెట్ కొత్తవి వేయండి. ముందు అన్ని జాయింట్లూ వేలితో తిరిగేంత వదులుగా ఉంచి, పైపు హ్యాంగర్ల మీద సహజంగా కూర్చున్నాక టర్బో వైపు నుంచి వెనక్కి బిగించుకుంటూ రండి. పైపును లాగి బలవంతంగా కలిపితే ఫ్లెక్స్ జాయింట్ మొదటి వేసవికే చిరుగుతుంది. క్యాట్ బరువు టర్బో మీద వేలాడకూడదు, దానికి విడిగా బ్రాకెట్ ఉండాలి. సీలెంట్ వాడాల్సివస్తే సెన్సర్‌కి హాని లేనిదని డబ్బా మీద రాసున్నదే వాడండి. మామూలు సిలికాన్ ఆవిరి క్యాట్‌నూ సెన్సర్‌నూ రెండిటినీ పాడుచేస్తుంది.

తొమ్మిదో మెట్టు: ట్యూనర్‌తో మాట్లాడాల్సినవి

ప్రెషర్ తగ్గగానే టర్బో తేలిగ్గా తిరుగుతుంది, పాత మ్యాప్ మీద బూస్ట్ (టర్బో తోసే గాలి ప్రెషర్) హద్దు మీరి పి0234 కోడ్ పడొచ్చు. కాబట్టి క్యాట్ వేశాక ట్యూన్ చేయించకుండా ఫుల్ థ్రాటిల్ వద్దు. మిశ్రమం సంగతి లాంబ్డాలో మాట్లాడండి. 14.7 అన్నది కల్తీ లేని పెట్రోల్ లెక్క. మన బంకుల్లో ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి అది అంతకంటే తక్కువ, లాంబ్డా 1 మాత్రం ఎందులోనైనా 1.

రెండు పనులు చేయనివ్వకండి. ఒకటి, పాప్స్ అండ్ బ్యాంగ్స్ మ్యాప్. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోల్‌ను కావాలని ఎగ్జాస్ట్‌లో మండించడమే ఆ శబ్దం, అది మండేది మీ తేనెపట్టు ముఖం మీద. 900-950 డిగ్రీలు దాటి ఉంచితే పూతలోని లోహపు రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని ముద్దవుతాయి, చర్య జరిగే చోటు తగ్గిపోతుంది. అది మళ్లీ బాగుపడదు. రెండు, వెనక సెన్సర్‌కి స్పేసర్ (దాన్ని పొగ నుంచి దూరం జరిపే ముక్క) పెట్టడం, లేదా పి0420ని సాఫ్ట్‌వేర్‌లో మూసేయడం. అమెరికాలో అది నేరుగా చట్ట ఉల్లంఘన, ఇన్‌స్పెక్షన్‌లో క్యాట్ మానిటర్ (కారు కంప్యూటర్ తనే చేసుకునే క్యాట్ పరీక్ష) సిద్ధం కాలేదని దొరికిపోతారు. అంతకంటే ముఖ్యంగా, క్యాట్ కరిగి పూడుకుపోతున్న సంగతి మీకు చెప్పాల్సిన ఒకే ఒక్క కాపలాదారు ఆ సెన్సర్.

పదో మెట్టు: మొదటి 500 కిలోమీటర్లు

మొదటిసారి స్టార్ట్ చేశాక 10-15 నిమిషాలు ఐడిల్‌లో, మెల్లగా వేడెక్కనివ్వండి. తరవాత పూర్తిగా చల్లారనివ్వండి. సెరామిక్ క్యాట్‌లో మ్యాట్ ఉబ్బి పట్టు బిగించుకునేది ఇప్పుడే. కాస్త పొగ, కాలిన వాసన మామూలే. 150-200 కి.మీ. తరవాత క్లాంపులు మళ్లీ బిగించండి. సబ్బు నీళ్లు చల్లి, చల్లటి స్టార్ట్‌లో, జాయింట్ల దగ్గర బుడగలు వస్తున్నాయేమో చూడండి. క్యాట్‌కి ముందు చిన్న లీకు ఉన్నా బయటి గాలి లోపలికి చేరి సెన్సర్ తప్పు చదువుతుంది. కొత్త క్యాట్ మీద పి0420 పడితే ముందు లీకు వెతకండి, ఆ తరవాతే క్యాట్‌ను అనుమానించండి.

మానిటర్ పూర్తవ్వాలంటే రాత్రంతా చల్లారిన కారును స్టార్ట్ చేసి, 60-90 కి.మీ. స్థిరమైన వేగంతో 15 నిమిషాలు ఔటర్ రింగ్ రోడ్ లాంటి చోట నడపండి. ఒకసారికి కాకపోతే రెండు మూడు రోజులు ఇలాగే.

ఆ తరవాత గలగల శబ్దం వస్తే తేనెపట్టు వదులైనట్టు. పై ఆర్‌పీఎంలో ఊపిరాడనట్టుంటే గేజి మళ్లీ పెట్టండి. మొదటి రోజు రాసుకున్న అంకె అప్పుడు పనికొస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే మిశ్రమం రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువై) ఉంది. చీకట్లో డబ్బా ఎర్రగా కనిపిస్తే వెంటనే ఇంజిన్ ఆపేసి మిస్‌ఫైర్ వెతకండి.

నూనె విషయంలో కూడా జాగ్రత్త కావాలి. ఇంజిన్ ఆయిల్‌లోని ఫాస్ఫరస్, జింక్ కాలి పూత మీద పొరలా పేరుకుంటాయి. ఫోక్స్‌వ్యాగన్ 504 00 ప్రమాణం ఉన్న ఆయిల్‌లో అవి తక్కువ, 502 00లో ఎక్కువ. మీ మాన్యువల్ ఒప్పుకుంటే మొదటిది పోయించండి. కూలెంట్ మాటిమాటికీ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూపించండి, కొన్ని కూలెంట్లలో ఉండే సిలికేట్ కూడా పూతను మూసేస్తుంది. ట్రాక్ డబ్బాల్లో వచ్చే రేసింగ్ పెట్రోల్ పోసే ముందు మూత మీద సీసం లేనిదని రాసుందో లేదో చదవండి. సీసం ఉన్న పెట్రోల్ ఒక్క ట్యాంకు పోసినా కొత్త క్యాట్ దెబ్బతింటుంది.